సౌందర్య

సౌందర్య (జూలై 18, 1972 - ఏప్రిల్ 17, 2004) తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ, హిందీ చిత్రాలలో నటించిన ప్రముఖ సినీనటి, నిర్మాత. ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన చిన్న విమానం నేల విడిచిన కొద్దిసేపటికే కూలిపోగా ఈమె మరణించింది.

తొలి జీవితం

ఈమె అసలు పేరు సౌమ్య. కర్ణాటకలోని కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతానికి చెందినది. తండ్రి సత్యనారాయణ కన్నడ చిత్ర రచయిత, నిర్మాత. సినిమాల కోసం వైద్యవిద్యను మధ్యలోనే ఆపివేసింది.

సినీ జీవితం

1992లో కన్నడ చిత్రం గంధర్వతో పరిచయమైంది. మరుసటి ఏడాది తెలుగులో మనవరాలి పెళ్ళి, రాజేంద్రుడు గజేంద్రుడు, మాయలోడు వచ్చాయి. కోడి రామకృష్ణ దర్శకత్వం వహించిన అమ్మోరు (1995) ఈమెకు గొప్ప పేరు తెచ్చింది. ఆ చిత్రాన్ని గ్రాఫిక్స్ కోసమే గుర్తుచేసుకొనేవారు ఎక్కువ గానీ, కథను నిలబెట్టినది ఈమె నటనే. వెంకటేష్ సరసన పవిత్రబంధం, పెళ్ళి చేసుకుందాం, రాజా విజయవంతమయ్యాయి. అంతఃపురం (1998) చిత్రానికి ఫిల్మ్‌ఫేర్ పురస్కారం లభించింది. నిర్మాతగా తీసిన కన్నడ చిత్రం ద్వీప (2002) ఆనకట్ట నీటిలో మునిగిపోయే ఊరిని వదలలేని కుటుంబం కథ. గిరీష్ కాసరవల్లి దర్శకత్వంలోని ఈ చిత్రం జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. 2003లో ఈమెకు వివాహమైంది.

విమాన ప్రమాదం

2004 లోక్‌సభ ఎన్నికలలో భారతీయ జనతా పార్టీ తరఫున ప్రచారం చేయడానికి ఏప్రిల్ 17 ఉదయం బెంగుళూరు జక్కూరు విమానాశ్రయం నుండి కరీంనగర్‌కు బయలుదేరింది. సెస్నా 180 రకం విమానం కొద్ది ఎత్తుకు మాత్రమే లేచి, సమీపంలోని గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో కూలి మంటలలో చిక్కుకుంది. ఈమెతోపాటు సోదరుడు అమరనాథ్, మరొక ప్రయాణికుడు, పైలట్ మరణించారు.

సెస్నా 180 ఒకే ఇంజను, నాలుగు సీట్లు గల విమానం. ఇటువంటి వాటికి నేల విడిచిన తొలి నిమిషమే గండం. ముక్కు పైకెత్తి, తక్కువ వేగంతో ఎక్కుతున్నప్పుడు ఇంజను శక్తి తగ్గితే వేగం త్వరగా పడిపోతుంది. రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి వస్తుంది. వెనుకకు మళ్ళి రన్‌వే చేరాలంటే మలుపులోనే ఎత్తు కరిగిపోతుంది. అందుకే ముక్కు దించి, ఎదురుగా కనిపించే ఖాళీ స్థలంలో దిగమని పైలట్లకు శిక్షణలో నేర్పుతారు. ఎత్తు బాగా తక్కువైతే దానికీ వ్యవధి ఉండదు.

మరణానంతరం

కన్నడ చిత్రం ఆప్తమిత్ర 2004 ఆగష్టులో విడుదలై ఘనవిజయం సాధించింది. బాలకృష్ణ దర్శకత్వంలో ఈమె ద్రౌపదిగా నటించిన నర్తనశాల చిత్రీకరణ ఆగిపోయింది. అప్పటికి తీసిన సన్నివేశాలు 2020 అక్టోబరులో విడుదలయ్యాయి.