రవీంద్రకవి – నోబెల్ బహుమానము

1901వ సంవత్సరము డిసెంబరు నెలలో ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు శుభకార్యములు జరిగెను. ఆ నెల 10వ తేదీన స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోము నగరమున నోబెల్ బహుమానములను మొట్టమొదటిసారిగా ప్రదానము చేసిరి. పండ్రెండు దినములు గడచిన పిమ్మట, 22వ తేదీన, వంగదేశములోని బోల్‌పూరు సమీపమున, శాంతినికేతన మనుచోట, ఒక చిన్న పాఠశాల ప్రారంభమయ్యెను. అందు చేరిన విద్యార్థులు అయిదుగురు మాత్రమే. దానిని స్థాపించినవాడు రవీంద్రనాథ ఠాగూరు. స్టాక్‌హోములోని పండితులకు ఈ పాఠశాల సంగతి తెలియదు. కాని పండ్రెండేండ్లు నిండక మునుపే ఆ బహుమానము ఈ పాఠశాలను వెదకికొనుచు వచ్చెను.

ఈ బహుమానములను నెలకొల్పిన ఆల్ఫ్రెడ్ నోబెల్ స్వీడను దేశీయుడు, రసాయన శాస్త్రవేత్త. కొండలను పగులగొట్టుటకును, సొరంగములు త్రవ్వుటకును ఉపయోగపడు డైనమైటును 1867 ప్రాంతమున కనిపెట్టి అపారధనమును గడించెను. ఆయన వివాహము చేసికొనలేదు. 1895 నవంబరు 27వ తేదీన పారిసు నగరమున తన మరణశాసనముపై సంతకము చేసెను. తన ఆస్తిలో పెద్దభాగమును నిధిగా నుంచి, దానిపై ఏటేట వచ్చు ఆదాయమును భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, వైద్యము, సాహిత్యము, శాంతి అను అయిదు రంగములలో మానవజాతికి మేలు చేసినవారికి పంచవలెననియు, ఈ విషయమున దేశభేదమును పాటింపరాదనియు ఆయన నిర్దేశించెను. 1896 డిసెంబరు 10వ తేదీన ఇటలీలోని సాన్ రేమోలో ఆయన మరణించెను. అందువలననే ఏటేట ఆ తేదీన బహుమానములు ప్రదానము చేయుట ఆచారమైనది.

సాహిత్య బహుమానమునకు తగినవారిని ఎన్నుకొను బాధ్యత స్వీడిష్ అకాడమీకి చెందినది. మొదటి బహుమానము ఫ్రెంచి కవి సల్లీ ప్రుధోమునకు లభించెను. 1907లో దానిని పొందిన ఆంగ్ల రచయిత రడ్యార్డు కిప్లింగు మన బొంబాయిలో పుట్టినవాడే. 1909లో స్వీడను రచయిత్రి సెల్మా లాగర్‌లెఫ్ ఈ గౌరవమును పొందిన మొదటి స్త్రీ యయ్యెను. కాని తొలి పండ్రెండు సంవత్సరములలో బహుమానము పొందినవారందరును ఐరోపా భాషలలో వ్రాసినవారే. దేశభేదమును పాటింపరాదను నోబెల్ ఆశయము ఆసియా ఖండము వరకు ఇంకను చేరలేదు.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తా నగరమందలి జొరాసాంకో భవనమున జన్మించెను. తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజ నాయకులలో ముఖ్యుడు. తల్లి శారదాదేవి. ఆ దంపతుల సంతానములో రవీంద్రుడు పదునాలుగవవాడు. ఇల్లు చాల పెద్దది, నౌకర్లు పెక్కుమంది. బాలుని ఆలనపాలన లన్నియు వారి చేతిలోనే యుండెను. వారిలో నొకడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీసి, దానిని దాటరాదని బెదరించి తన పనికి పోవుచుండెడివాడు. గీత దాటిన సీత పడిన కష్టములను రామాయణ కథలో వినియున్న ఆ పసివాడు భయముతో కదలక, కిటికీలోనుండి చెరువును, మఱ్ఱిచెట్టును చూచుచు గంటలకొలది గడిపెడివాడు.

బడిలోను ఆ గీతయే ఆయనకు కానవచ్చెను. నాలుగు గోడలు, కదలని బల్లలు, వల్లెవేయు పాఠములు ఆయన మనస్సునకు నచ్చలేదు. ఒక పాఠశాల తరువాత మరియొక పాఠశాలలో చేర్చినను ఫలము లేకపోయెను. 1873లో తండ్రి ఆయనను హిమాలయములకు తీసికొనిపోవుచు దారిలో శాంతినికేతనమున కొన్నాళ్ళు నిలిచెను. అచ్చటి విశాలమైన మైదానములో ఇష్టము వచ్చినట్లు తిరుగుటకు బాలునకు స్వేచ్ఛ దొరకెను. 1878లో చదువునకై ఇంగ్లండు వెళ్ళెను గాని, పట్టా లేకయే 1880లో తిరిగివచ్చెను. 1883లో మృణాళినీదేవితో వివాహమయ్యెను.

1890 ప్రాంతమున తండ్రి ఆయనకు తూర్పు వంగదేశమందలి జమీందారీ వ్యవహారములను అప్పగించెను. పద్మానదిపై పడవలో నివసించుచు, షిలైదా, షాజాద్‌పూరు, పతిసరు గ్రామములలో ఆయన రైతుల జీవితమును దగ్గరగా చూచెను. పంట చేతికి రాకముందే అది వడ్డీవ్యాపారి పాలగుటను కన్నులార చూచెను. కథలును, పాటలును ఆ నదిమీదనే పుట్టెను. రైతుల కేదైన మేలు చేయవలెనను సంకల్పమును అచ్చటనే పుట్టెను. 1905లో మిత్రుల యొద్ద అప్పు చేసి పతిసరులో ఒక వ్యవసాయ బ్యాంకును స్థాపించి, తక్కువ వడ్డీకి రైతులకు ఋణము లిప్పించెను. కాని బ్యాంకు మూలధనము స్వల్పము; అప్పు కోరువారు వేలకొలది.

పాఠశాల పరిస్థితియు అట్లే యుండెను. చెట్లక్రింద కూర్చుండి ప్రకృతిని చూచుచు నేర్చుకొను చదువు కావలెనని ఆయన దానిని స్థాపించెను. దాని ఖర్చులకై మృణాళినీదేవి తన నగల నిచ్చెను. రవీంద్రుడు పూరీలోని తన యింటిని అమ్మివేసెను. ఇంతలో కష్టములు ఒకదాని వెంట నొకటి వచ్చెను. 1902లో భార్య మరణించెను. 1903లో కుమార్తె రేణుకయు, 1905లో తండ్రియు, 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడును మరణించిరి. ఇన్ని దుఃఖముల నడుమను పాఠశాల సాగుచునే యుండెను. ఆ కాలపు వేదనయు, భక్తియు కలిసి పాటలై వెలువడెను. 1910లో వంగభాషలో గీతాంజలి ప్రకటింపబడెను.

1912లో ఇంగ్లండునకు బయలుదేరవలసిన సమయమున రవీంద్రుడు జబ్బుపడెను. ప్రయాణము ఆగిపోగా షిలైదాకు పోయి విశ్రాంతి తీసికొనుచు, పెద్దపనులు చేయు శక్తి లేక, తన పాటలను తానే ఇంగ్లీషులోనికి మార్చుట మొదలుపెట్టెను. ఆ పని ఓడ ప్రయాణములోను సాగెను. లండను చేరిన పిమ్మట ఆ వ్రాతప్రతియున్న సంచిని కుమారుడు రథీంద్రుడు భూగర్భ రైలులో మరచిపోయెను. మరునాడు, పోయిన వస్తువులను భద్రపరచు రైల్వే కార్యాలయమున అది దొరకెను. దొరకనిచో ప్రపంచ సాహిత్య చరిత్రలో ఒక ముఖ్యమైన పుట వేరుగా నుండెడిది.

చిత్రకారుడు రోథెన్‌స్టీన్ ఆ వ్రాతప్రతిని చదివి ఆశ్చర్యపడి, ఐర్లండు కవి యేట్సునకు అందజేసెను. 1912 జూలైలో రోథెన్‌స్టీన్ ఇంట యేట్సు ఆ పాటలను పలువురు రచయితల యెదుట చదివెను. ఆ సంవత్సరము నవంబరులో ఇండియా సొసైటీవారు ఇంగ్లీషు గీతాంజలిని 750 ప్రతులుగా ముద్రించిరి. అందలి గీతములు 103. మరుసటి సంవత్సరము మాక్మిలను సంస్థ దానిని ప్రచురింపగా అది పెక్కుదేశములకు చేరెను.

ఆంగ్లకవి స్టర్జ్ మూర్ రవీంద్రుని పేరును స్వీడిష్ అకాడమీకి సూచించెను. అచ్చటి పండితులలో కొందరు ఫ్రెంచి విమర్శకుడగు ఎమీల్ ఫాగేవైపు మొగ్గుచూపిరి. అప్పుడు స్వీడను కవి హైడెన్‌స్టామ్ గీతాంజలిని గట్టిగా సమర్థించెను. 1916లో ఆయనకును ఆ బహుమానము లభించెను. 1913 నవంబరులో సాహిత్య బహుమానము రవీంద్రునికే యని ప్రకటింపబడెను. ఐరోపా ఖండమునకు చెందనివారు నోబెల్ సాహిత్య బహుమానమును పొందుట అదియే ప్రథమము.

తంతివార్త శాంతినికేతనము చేరినంతనే బాలురు కేరింతలు కొట్టిరి. నవంబరు 23వ తేదీన కలకత్తానుండి అభిమానులు వందలకొలది ప్రత్యేక రైలులో వచ్చి కవిని సన్మానించిరి. కాని ఆయన ముఖమున ఆనందము కనబడలేదు. తన రచనలను ఎన్నియో సంవత్సరములుగా నిరసించినవారు సయితము, విదేశీయులు మెచ్చిన పిమ్మట పొగడుటకు రావడము ఆయన మనస్సును నొప్పించెను. ఆ మాటను సభలోనే చెప్పివేసెను. వచ్చినవారిలో పెక్కుమంది చిన్నబుచ్చుకొని తిరిగిపోయిరి. స్వర్ణపతకమును, ప్రశంసాపత్రమును 1914 జనవరిలో వంగ రాష్ట్ర గవర్నరు కార్మైకేల్ ప్రభువు కలకత్తాలో ఆయన కందజేసెను.

బహుమానపు సొమ్ము 1,43,010 స్వీడిష్ క్రోనర్లు. ఆనాటి మన రూపాయలలో లక్షకు పైబడిన మొత్తము. ఆ ధనముతో కవి తనకై భవనమును కట్టుకొనలేదు. పాఠశాల ఖర్చులు ఒకవైపు, రైతుల అప్పులు మరియొకవైపు ఆయనను పీడించుచుండెను. ఒకే ధనముతో రెండుపనులు జరుగు ఉపాయమును ఆయన ఆలోచించెను. సొమ్మును పాఠశాల పేర పతిసరు వ్యవసాయ బ్యాంకులో నిలువచేసెను. బ్యాంకు ఆ ధనమును రైతులకు అప్పిచ్చెను. రైతులు కట్టిన వడ్డీ పాఠశాలకు చేరెను. ఇట్లు స్టాక్‌హోమునుండి వచ్చిన ధనము పద్మాతీరపు పొలములలో విత్తనమై, శాంతినికేతనమున బాలుర చదువయ్యెను.

1915లో ఆంగ్ల ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదు నిచ్చెను. 1919 ఏప్రిల్ 13వ తేదీన అమృతసరములోని జలియన్‌వాలాబాగున నిరాయుధులగు ప్రజలపై సైనికులు కాల్పులు జరిపిరి. ఆ వార్త తెలిసిన పిమ్మట కవికి నిద్ర పట్టలేదు. మే నెలాఖరున వైస్రాయికి లేఖ వ్రాసి ఆ బిరుదును విసర్జించెను. ప్రజల అవమానము నడుమ ప్రభువు లిచ్చిన గౌరవము ఆయనకు భారముగా తోచెను.

ఆ దుర్ఘటనకు కొలదికాలము ముందే, 1919 ఫిబ్రవరిలో, దక్షిణదేశ యాత్ర చేయుచు రవీంద్రుడు అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు వచ్చెను. అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలాధ్యక్షుడు జేమ్సు కజిన్సు ఆయనకు మిత్రుడు. కళాశాలలో జరిగిన సభలో కవి జనగణమన గీతమును పాడెను. కజిన్సు భార్య మార్గరెట్టు దాని బాణీకి స్వరములు వ్రాసికొనెను. కవి మదనపల్లెలోనే ఆ గీతమును ఇంగ్లీషులోనికి అనువదించెను. 1950 జనవరి 24వ తేదీన జాతీయగీతముగా స్వీకరింపబడిన పాటకు ఇట్లు తెలుగునేలతో సంబంధమేర్పడెను.

1921 డిసెంబరులో శాంతినికేతన పాఠశాల విశ్వభారతి యను విద్యాపీఠముగా పెరిగెను. సంస్థ పెరిగినకొలది ఖర్చును పెరిగెను. వంగభాషలోని తన గ్రంథములపై హక్కును కవి విశ్వభారతికి ధారపోసెను, అదియు చాలలేదు. లోకమంతయు కొనియాడిన కవి విద్యార్థులకై చేయిచాచి దేశదేశములు తిరుగవలసివచ్చెను. హైదరాబాదు నిజాము ఇస్లామీయ విద్యాబోధనకై విశ్వభారతికి లక్ష రూపాయలు విరాళ మిచ్చెను. 1933 డిసెంబరులో రవీంద్రుడు విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున మానవుని గూర్చి ఉపన్యాసములు చేసెను. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు.

ఆ మాసములోనే కవి హైదరాబాదునకు వచ్చి బంజారా గుట్టలపై మెహదీ నవాజ్ జంగ్ అతిథిగా బసచేసెను. నేడు పంజాగుట్ట, అమీర్‌పేట, మధురానగరు అను పేర్లతో జనసమ్మర్దమై యున్న పేటలకు చేరువనే గల ఆ గుట్టలు ఆనాడు పెద్దపెద్ద బండలతో, పొదలతో నిండియుండెను. ఆ కొండలను గూర్చి ఆయన ఒక గీతమును రచించెను. డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, విద్యాసంస్థకై ఊరూర తిరుగుచుండియు, బండరాళ్ళలో సౌందర్యమును చూడగల హృదయము ఆయనకు వాడిపోలేదు.

1936లో కవి తన నాటకబృందముతో ధనసేకరణకై ఢిల్లీకి వచ్చెను. ఆ వయస్సులో ఆయన పడుచున్న శ్రమను చూచి గాంధీమహాత్ముడు బాధపడి, దాతలనుండి 60,000 రూపాయలు సమకూర్చి, ఇంటికి మరలి విశ్రమింపుమని కోరెను. ఆ దశాబ్దముననే రైతుల ఋణభారమును తగ్గించుటకు వంగదేశమున చట్టములు వచ్చెను. రైతులకు మేలు జరిగెను గాని, పతిసరు బ్యాంకు ఇచ్చిన అప్పులు వసూలు కాలేదు. బ్యాంకు మూతపడెను. నోబెల్ బహుమానపు సొమ్మును దానితోనే పోయెను.

1941 ఆగస్టు 7వ తేదీన, తాను పుట్టిన జొరాసాంకో భవనముననే, రవీంద్రుడు కన్నుమూసెను. తెలుగుదేశమున ఆయన ప్రభావము గాఢముగా నిలిచెను. శాంతినికేతనమున కొంతకాలము గడిపివచ్చిన రాయప్రోలు సుబ్బారావు తెలుగున నవ్యకవిత్వమునకు మార్గదర్శియై, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసెను. శాంతినికేతనమున చదివిన బెజవాడ గోపాలరెడ్డి రవీంద్రుని రచనలను తెనిగించెను. చలము గీతాంజలిని తెలుగు చేసెను. 1961లో కవి శతజయంతి సందర్భమున హైదరాబాదులో రవీంద్రభారతి కళామందిరము వెలసెను.

2004 మార్చిలో శాంతినికేతనములోని ప్రదర్శనశాలనుండి నోబెల్ స్వర్ణపతకమును దొంగ లపహరించిరి. స్వీడనువారు దాని ప్రతిరూపములను పంపిరి గాని, అసలు పతకము దొరకలేదు. సొమ్ము రైతుల పొలములలో కరగిపోయెను, పతకము దొంగలపాలయ్యెను. అయిదుగురు బాలురతో మొదలైన పాఠశాల మాత్రము నిలిచెను. విశ్వభారతి 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. 2023లో యునెస్కో సంస్థ శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను. పసితనమున సుద్దగీతలో చిక్కుకొన్న బాలుడు, తనవంటి బాలుర కెవ్వరికిని అట్టి గీత ఉండరాదని తలచి, తనకు దక్కిన మహాగౌరవమును ఆ పనికే వెచ్చించెను. బహుమానము మనుజుని గొప్పవానిగా చేయదు. దానిని పొందినవాడు దానితో ఏమిచేసెనను విషయమే ఆతని గొప్పతనమునకు గీటురాయి.