దయ కాదు, ఇన్సాఫ్ : గవర్నరు ఆల్ట్‌గెల్డ్ జీవితం

మే డే అంటే మనలో తెలియనివారు ఉండరు. 8 గంటల పనిదినం కోసం షికాగో కార్మికులు పోరాడిన సంగతీ, వారి నాయకులు ఉరికంబం ఎక్కిన సంగతీ మనం వింటూనే ఉంటాం. అయితే ఆ కేసులో ఉరి తప్పి జైల్లో మిగిలిన ముగ్గురిని విడిపించినదెవరు? ఆ పని చేసి తన పదవినే పోగొట్టుకున్న జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

ఆల్ట్‌గెల్డ్ 1847 డిసెంబరు 30న జర్మనీలో పుట్టాడు. నెలల పసికందుగా ఉండగానే తల్లిదండ్రులు అమెరికాకు వలస పోయి ఒహాయో రాష్ట్రంలో సేద్యం చేసుకున్నారు. పేద కుటుంబం. కొడుకు పొలం పని చేస్తే చాలు, చదువెందుకని తండ్రి అభిప్రాయం. పిల్లవాడు మాత్రం పుస్తకం వదలలేదు. 16 ఏళ్లకే అంతర్యుద్ధంలో సిపాయిగా చేరాడు. తిరిగొచ్చి బడిపంతులయ్యాడు. ఈ ముక్క చదివినప్పుడు మా ఉపాధ్యాయులకు కొంచెం గర్వం కలగడం సహజమే కదా!

తర్వాత చాలా దూరం కాలినడకనే మిస్సోరీ రాష్ట్రానికి పోయాడు. సవానా అనే చిన్న పట్నంలో పాఠాలు చెబుతూనే లా చదివాడు. ముందు ఆ ఊరి పురపాలక సంఘానికి వకీలయ్యాడు. 1874లో కౌంటీ ప్రాసిక్యూటరుగా ఎన్నికయ్యాడు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. మరుసటి ఏడే షికాగో చేరి వకాలతు, ఇళ్ల వ్యాపారం రెంటిలోనూ బాగా సంపాదించాడు. 1886లో అక్కడి కోర్టుకు జడ్జీగా ఎన్నికయ్యాడు. జైళ్లు నిండేది ఎక్కువగా బీదలతోనే అని అంతకు రెండేళ్ల ముందే ఒక పుస్తకం రాశాడు. 1892లో ఇల్లినాయ్ రాష్ట్రానికి గవర్నరుగా గెలిచాడు. పరదేశంలో పుట్టి ఆ పదవి పొందినవాడు ఆ రాష్ట్రంలో ఆయనే మొదటివాడు.

అసలు పరీక్ష ఇక్కడే వచ్చింది. 1886 మే 4న షికాగో హేమార్కెట్ సభలో ఎవరో బాంబు వేశారు. పోలీసులు చనిపోయారు. బాంబు వేసినదెవరో తేలకుండానే ఎనిమిది మందికి శిక్ష పడింది. 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు. అంతకు ముందు రోజే ఒకడు జైల్లో ప్రాణం తీసుకున్నాడు. ఫీల్డెన్, ష్వాబ్, నీబే అనే ముగ్గురు మిగిలారు.

వాళ్లను వదిలిపెట్టమని ఎందరో పెద్దమనుషులు అర్జీలు పెట్టుకున్నారు. దయతలచి విడిచిపెట్టామని ఒక ముక్క రాసి ఉంటే అంత గొడవ అయ్యేది కాదు. కాని 1893 జూన్ 26న ఆల్ట్‌గెల్డ్ వేరే విధంగా రాశాడు. జూరీని కావాలని ఒకవైపు మొగ్గేవారితో నింపారనీ, జడ్జీ పక్షపాతం చూపాడనీ, నేరం రుజువే కాలేదనీ కారణాలన్నీ వివరించి ముగ్గురినీ విడుదల చేశాడు. అంటే ఆయన ఇచ్చింది రహమ్ కాదు, ఇన్సాఫ్. పత్రికలు మండిపడ్డాయి. ఆయన పుట్టిన దేశాన్ని ఎత్తి చూపి పరాయివాడన్నాయి.

అయినా వెనక్కి తగ్గలేదు. అదే ఏడు ఫ్యాక్టరీలలో పసిపిల్లల పనిని అరికట్టే చట్టం తెచ్చాడు. తనిఖీ అధికారిగా ఫ్లోరెన్స్ కెల్లీ అనే మహిళను నియమించాడు. 1894 రైల్వే సమ్మెలో, రాష్ట్రం అడగకుండానే సైన్యాన్ని ఎందుకు పంపారని ప్రెసిడెంటు క్లీవ్‌లాండునే నిలదీశాడు.

1896 ఎన్నికల్లో ఓడిపోయాడు. 1899లో షికాగో మేయరు పదవికి నిలబడినా గెలవలేదు. ఆస్తి కూడా కరిగిపోయింది. షికాగోలో తాను కట్టించిన 16 అంతస్తుల భవనం చేజారింది. మళ్లీ వకాలతు చేసుకుంటూ బ్రతికాడు. 1902 మార్చిలో జోలియెట్ పట్నంలో, దక్షిణాఫ్రికాలో బ్రిటిషు వారితో పోరాడుతున్న బోయర్ల తరఫున ఉపన్యాసం ఇచ్చి కుప్పకూలాడు. 12వ తేదీన కన్నుమూశాడు. అప్పటికి వయసు 54.

ఊరి వకీలుగా మొదలై గవర్నరు దాకా ఎదిగినవాళ్లు చాలా మంది ఉంటారు. ఎదిగిన తర్వాత, తన మీద ఏ హక్కూ లేని ముగ్గురు ఖైదీల కోసం కుర్చీని పణంగా పెట్టేవాళ్లు ఎందరుంటారు? పదవుల కోసం తొందరపడే మన యువకులు ఈ ప్రశ్న ఒకసారి తమను తాము అడిగి చూసుకోవాలని మా మనవి.