న్యూమన్ గారి విశ్వవిద్యాలయం

కతోలిక విశ్వవిద్యాలయంలో ఏమి బోధించాలి? 1854లో ఐర్లండ్ మేత్రాణులు డబ్లిన్‌లో ప్రారంభించిన విశ్వవిద్యాలయానికి తొలి రెక్టరైన జాన్ హెన్రీ న్యూమన్ గారికి ఎదురైన ప్రశ్న ఇదే.

1801లో లండన్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పేరుపొంది, 1845లో కతోలిక శ్రీసభలో చేరినవారాయన. వేదశాస్త్రం లేని విద్య అసంపూర్ణమని ఆయన నమ్మకం. అలాగని ప్రతి తరగతినీ జ్ఞానోపదేశం చేయలేదు. సాహిత్యం, విజ్ఞానశాస్త్రాలు తమ తమ పద్ధతుల్లోనే సాగాలన్నారు. 1855లో వైద్య కళాశాల కూడా తెరిచారు.

అగ్రపీఠాధిపతి కల్లెన్ గారు మాత్రం సెమినరీ వంటి క్రమశిక్షణ కోరారు. ఇద్దరూ సదుద్దేశం గలవారే, అయినా పొసగలేదు! పైగా పట్టాలకు ప్రభుత్వ గుర్తింపు లేదు, విద్యార్థులు కొద్దిమందే. 1858లో న్యూమన్ గారు రాజీనామా చేశారు. 1879లో కార్డినల్ అయ్యారు, 1890లో మరణించారు, 2019లో పునీతులుగా ప్రకటింపబడ్డారు.

ఆయన తెరిచిన వైద్య కళాశాల మాత్రం ఆగకుండా వైద్యులను తయారుచేస్తూనే వచ్చింది.