ఎమ్మా ప్లాంక్

ఎమ్మా ప్లాంక్ (1905 - 1990) ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన విద్యావేత్త. ఆసుపత్రిలో చేరిన పిల్లలకు చికిత్సల బాధను తట్టుకొనే ధైర్యమును ఆట ద్వారా కలిగించవచ్చునని ఆచరణలో చూపినది. ఆ పనిని ఒక ప్రత్యేక వృత్తిగా తీర్చిదిద్దినవారిలో ఈమె ముఖ్యురాలు.

బాల్యము, విద్య

ఈమె వియన్నా నగరంలో జన్మించినది. పుట్టింటి పేరు స్పీరా. యౌవనంలో మాంటిస్సోరి పద్ధతిలో శిక్షణ పొంది, వియన్నాలోని మాంటిస్సోరి పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసినది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి భారతీయ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మరియా మాంటిస్సోరియే ఆ పద్ధతికి మూలపురుషురాలు. బాలల మనస్తత్వ శాస్త్రవేత్త అన్నా ఫ్రాయిడ్ ఆలోచనల ప్రభావము కూడా ఎమ్మాపై ఉన్నది. 1938లో ఆస్ట్రియా హిట్లర్ వశము కాగా, భర్త రాబర్ట్ ప్లాంక్‌తో అమెరికాకు వలస వెళ్ళినది.

క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో

ఆ రోజులలో పోలియో వంటి వ్యాధులతో పిల్లలు నెలల తరబడి ఆసుపత్రులలో ఉండేవారు. తల్లిదండ్రులను చూడనిచ్చే సమయము చాలా పరిమితము. సూది నొప్పి కంటె, ఏమి జరుగనున్నదో తెలియని భయమే అనేకమంది పిల్లలను కుంగదీసేది. తాము చేసిన తప్పుకు ఇది శిక్ష అని భావించే పసివారూ ఉండేవారు.

పోలియో వైరస్ పరిశోధనకు 1954లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన డాక్టర్ ఫ్రెడరిక్ రాబిన్స్ ఆహ్వానంపై ఎమ్మా 1955లో క్లీవ్‌లాండ్ సిటీ ఆసుపత్రిలో పిల్లల కొరకు ఆట, చదువులతో కూడిన విభాగమును ప్రారంభించినది. ఆసుపత్రిలో ఆటగది అప్పటికి కొత్త కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1922లోనే అటువంటి ఏర్పాటు ఉన్నది. అయితే ఆటను కాలక్షేపముగా గాక చికిత్సకు సంసిద్ధతగా మలచుట ఎమ్మా కృషిలోని విశేషము.

పద్ధతి

చికిత్సకు ముందు, జరుగబోయేదానిని పిల్లల వయసుకు తగిన మాటలలో దాచకుండా చెప్పాలి. నొప్పి ఉండదని అబద్ధమాడితే, ఆ తరువాత ఎవరి మాటనూ బిడ్డ నమ్మడు. స్టెతస్కోపు, కట్టు గుడ్డ, సూది లేని సిరంజి ఇచ్చి బొమ్మకు వైద్యము చేయనిస్తారు. అంతవరకు ఇతరులు చేసేదానికి లోబడిన బిడ్డ, ఆటలో తానే వైద్యుడగును. చికిత్స ముగిసిన పిదప మరల ఆడించినచో మనసులోని కోపము, భయము వెలికివచ్చును. నొప్పి తగ్గించే మందులకు ఆట ప్రత్యామ్నాయము కాదు. వాటికి తోడు మాత్రమే.

రచన, గుర్తింపు

తన అనుభవములను 1962లో ఆసుపత్రులలో పిల్లలతో పని అనే అర్థము వచ్చే పేరుతో ఆంగ్ల గ్రంథముగా ప్రచురించినది. 1965లో బోస్టన్‌లో ఈ రంగములోని వారు సంఘముగా ఏర్పడుటలో పాలుపంచుకొన్నది. అమెరికాలో ఈ వృత్తివారి వార్షిక సమావేశములలో ప్రధానోపన్యాసమునకు ఈమె పేరు పెట్టారు.

తెలుగునాట అన్వయము

ఈ పద్ధతికి ఖరీదైన పరికరములు అవసరము లేదు. మేడ్చల్, శామీర్‌పేట వంటి చోట్ల టీకా వేయించుకొనే బిడ్డకైనా, హైదరాబాదు పెద్దాసుపత్రిలో శస్త్రచికిత్సకు వచ్చిన బిడ్డకైనా ఒక గుడ్డబొమ్మ, పది నిమిషముల ఓపిక, నిజము చెప్పే పెద్దవారు ఉంటే చాలును. ఏడిస్తే డాక్టరు సూది వేస్తాడని ఇంట్లో బెదిరించే అలవాటు మానుట అందుకు తొలిమెట్టు.