వి.వి.గిరి గారు, మన మిల్లు ఆడవాళ్లు

గిరి గారంటే రాష్ట్రపతి అనే మనకి తెలుసు. ఆయన 1894లో మన ఇచ్ఛాపురం దాటాక వచ్చే బరంపురంలో పుట్టారు. డబ్లిన్ వెళ్లి లా చదివొచ్చారు. మన లైన్లో నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకి సంఘం కట్టారు. 1937లో బొబ్బిలిలో రాజా వారి మీదే నిలబడి గెలిచారు. 1952లో పాతపట్నం నుంచి ఎంపీ అయ్యి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు.

ఆయన మంత్రిగా ఉన్నప్పుడే, 1953లో, పారిశ్రామిక వివాదాల చట్టం మార్చారు. పెద్ద ఫ్యాక్టరీలో పని లేదని కూర్చోబెడితే సగం జీతం. పనిలోంచి తీసేస్తే నెల ముందు నోటీసు, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం. మళ్లీ మనుషుల్ని పెట్టుకుంటే తీసేసినవాళ్లకే ముందు చెప్పాలి. ఆడా మగా తేడా లేదు. 2020లో చేసిన కొత్త చట్టంలో, తీసేసిన మనిషి వేరే పని నేర్చుకోడానికి యజమాని ఇంకో 15 రోజుల జీతం కట్టాలని కూడా రాశారు.

1954లో బ్యాంకు ఉద్యోగులకొచ్చిన తీర్పుని ప్రభుత్వం తగ్గించేసిందని గిరి గారు మంత్రి పదవి వదిలేశారు. చేతిలో ఉన్న పదవి ఎవరొదులుకుంటారు చెప్పండి? 1957లో పార్వతీపురంలో మనవాళ్లే ఓడించారు, అది వేరే సంగతి. 1969లో రాష్ట్రపతి అయ్యారు, 1980లో పోయారు.

మా సంఘంలో ఒకక్క జూట్ మిల్లులో 11 ఏళ్లు చేసి, మిల్లువాళ్లు తీసేస్తే ఉత్త చేతుల్తో ఇంటికొచ్చింది. లెక్కేస్తే 165 రోజుల జీతం. అడగాలని ఆమెకీ తెలీదు, మాకూ తెలీదు. ఇప్పుడు ప్రతి మీటింగులో మిల్లుకెళ్లేవాళ్లని జీతం చీటీలు, పి.ఎఫ్. కాగితాలు దాచారా అని అడుగుతున్నాం.