కాన్పు భయాన్ని అర్థం చేసుకున్న కుగ్లర్ డాక్టరమ్మ

గుంటూరు జిల్లాతో కాస్త బంధుత్వం ఉన్నవారికి కుగ్లర్ ఆసుపత్రి పేరు కొత్త కాదు. అక్కడే పుట్టామని చెప్పేవాళ్లు మీ చుట్టాల్లోనూ ఉండొచ్చు. ఆ పేరు గల మనిషి గురించి తెలిసినవాళ్లు మాత్రం తక్కువే. మీ ఇంట్లో ఇప్పుడు గర్భిణి ఉంటే, డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితం మీకు పనికొస్తుంది.

బోధనకని పంపితే...

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా పొందారు. కొన్నాళ్లు నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో, మహిళల విభాగంలో పనిచేశారు. ఆడవాళ్లకు వైద్యం చేయడానికి డాక్టరమ్మ కావాలని గుంటూరు లూథరన్ మిషన్ నుంచి ఉత్తరం రావడంతో ఇటు బయల్దేరారు. మిషన్ పెద్దలకు మాత్రం వైద్యం మీద అంత ఆసక్తి లేదు. బోధన పనికనే పంపారు. 1883 నవంబరులో గుంటూరు చేరిన ఆమె బడులు చూసుకుంటూనే, పిలిచిన ఇళ్లకల్లా వెళ్లి వైద్యం చేశారు. 1885లో గానీ మిషన్ ఆమెను అధికారికంగా వైద్యురాలిగా నియమించలేదు.

అప్పటి పరిస్థితి ఊహించండి. చాలామంది ఆడవాళ్లు మగ డాక్టరుకు చూపించుకోరు. విదేశీయురాలు తాకితే మైల అనుకునే ఇళ్లూ ఉండేవి. డాక్టరును పిలవాలో వద్దో తేల్చేది నొప్పులు పడే మనిషి కాదు, ఇంటి పెద్దలు. బిడ్డ అడ్డం తిరిగి, మంత్రసాని చేతులెత్తేశాకే కబురు వచ్చేది. కాన్పు ఆడదానికి పునర్జన్మ అని మనవాళ్లు ఊరికే అనలేదు. యాంటీబయాటిక్స్, రక్తం ఎక్కించే సౌకర్యం లేని ఆ రోజుల్లో ఆ భయం పూర్తిగా నిజం.

కుగ్లర్ ఆ భయాన్ని తక్కువ చేయలేదు. విరాళాలు పోగుచేసి 1893లో డిస్పెన్సరీ తెరిచారు. 1898 జూన్ 23న స్త్రీలు, పిల్లల ఆసుపత్రి ప్రారంభమైంది. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులకు సత్రం కట్టించారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. తమ వంట తాము వండుకుంటూ అమ్మో, అక్కో దగ్గర్లో ఉంటే గర్భిణికి ఆసుపత్రి గడప తొక్కే ధైర్యం వస్తుంది.

ప్రభుత్వం 1905లోనూ, 1917లోనూ కుగ్లర్‌కు కైజర్-ఇ-హింద్ పతకాలు ఇచ్చింది. 1930 జులై 26న ఆమె గుంటూరులోనే కన్నుమూశారు.

అదే కాలేజీలో మరో అమ్మాయి

1883లో కుగ్లర్ అమెరికా వదిలి మన దేశం వస్తే, అదే ఏడాది మన దేశం నుంచి ఒక అమ్మాయి అదే కాలేజీలో చేరింది. ఆమే ఆనందీబాయి జోషీ. తొమ్మిదేళ్లకు పెళ్లి, పద్నాలుగేళ్లకు కాన్పు. సరైన వైద్యం అందక బిడ్డ పది రోజులకే పోయింది. ఆ దుఃఖమే ఆమెను డాక్టరు చదువు వైపు నడిపింది. చదివించింది భర్తే. చిన్న వయసులో ఆయన చేతిలో తిన్న దెబ్బల గురించి అమెరికా నుంచి ఆయనకే ఉత్తరంలో రాసిందీ ఆమే. చదువు విలువ తెలిసిన ఇంట్లోనూ చెయ్యి లేవవచ్చని ఆ జీవితం చెబుతుంది.

మరి ఇప్పుడు?

వరంగల్‌లో మా ఓపీకి బీపీ, షుగర్, రక్తహీనత ఉన్న గర్భిణులను గైనిక్ విభాగం నుంచి పంపుతుంటారు. ప్రశ్న ఆమెను అడిగితే జవాబు భర్తో, అత్తగారో చెప్పడం మామూలే. కాన్పంటే భయమని ఎవరైనా అంటే మనం వెంటనే నొప్పుల భయం అనుకుంటాం. కొందరికి అదే. కొందరికి ముందటి కాన్పులో పడ్డ బాధ. ఇంకొందరికి ఇంట్లో తిట్లు, దెబ్బలు, ఆడపిల్ల పుడితే ఏమవుతుందోనన్న దిగులు.

గర్భంతో ఉన్నప్పుడు కొడితే రక్తస్రావం, గర్భస్రావం, నెలలు నిండకుండానే కాన్పు, బిడ్డ బరువు తగ్గడం, తల్లికి డిప్రెషన్ వంటి ప్రమాదాలు పెరుగుతాయి. భయం ఎక్కువైతే శరీరంలో అడ్రినలిన్ పెరిగి నొప్పులు మందగించవచ్చు కూడా.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి వచ్చినప్పుడు ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి: నిన్ను బాగా చూసుకుంటున్నారా, ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అని. కారణం చెప్పలేని కమిలిన మచ్చలు, మరీ ముఖ్యంగా పొట్ట మీద దెబ్బలు, చెకప్‌లు ఎగ్గొట్టడం, నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. ఆమె నోరు విప్పితే సర్దుకుపొమ్మని చెప్పకండి. పిల్ల పుడితే అతనే మారతాడన్న ఆశతో ఆగకండి. పొట్టకు దెబ్బ తగిలినా, రక్తస్రావమైనా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మీరే గర్భిణి అయితే, డాక్టరుతోనో నర్సుతోనో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. అది మీ హక్కు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే సూచించింది. ఆ తోడు ఎవరైతే మీకు ధైర్యమో ముందే ఆలోచించి ఆసుపత్రిలో చెప్పండి.

హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కు, ప్రాణాపాయం అనిపిస్తే 112కు ఫోన్ చేయండి. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయం దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద భర్త ఇంట్లోనే ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు. దిగులు, ఆందోళన వదలకపోతే టెలీ మానస్ 14416లో ఉచితంగా మాట్లాడవచ్చు.