ఈస్టుకు వంశవృక్షము వ్రాసిన వింగే

కల్లుకుండలో నురుగు పొంగుటయు, రొట్టెపిండి ఉబ్బుటయు మనమందరము ఎరిగినవే. ఈ రెండింటికిని కారణము ఈస్టు. కంటికి కానరాని ఏకకణ శిలీంధ్రములకు ఇది సామాన్యమైన పేరు. వీనిలో మేలు చేయు జాతులున్నట్లే కీడు చేయు జాతులును గలవు. పసిబిడ్డల నాలుకపై తెల్లని నోటిపూత కలిగించు కాండిడా, రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారి మెదడుపొరలకు సోకి ప్రాణము తీయగల క్రిప్టోకాకస్ అట్టివి. ఇవి ఏ జన్యువు బలమున మనుష్యునకు రోగము కలిగించుచున్నవో కనుగొనుటకు నేడు సాధనములు గలవు. ఆ విద్యకు పునాదిరాయి వేసినవాడు వైద్యుడు కాడు. బీరు కర్మాగారమును ఆశ్రయించియున్న ప్రయోగశాలలో పనిచేసిన డెన్మార్కు దేశీయుడు ఓయ్‌విండ్ వింగే.

వింగే 1886వ సంవత్సరము మే 19వ తేదీన ఆర్హూస్ నగరమున జన్మించెను. వృక్షశాస్త్రము నభ్యసించి, కణములలోని క్రోమోజోములను లెక్కించుటయందు నేర్పరి యయ్యెను. రెండు వేరు జాతుల మొక్కలు సంకరమొందినపుడు, ఆ సంకరమున క్రోమోజోముల సంఖ్య రెట్టింపైనచో క్రొత్త జాతి స్థిరపడగలదని 1917లో ఒక సిద్ధాంతము ప్రకటించెను. గోధుమ, పొగాకు మున్నగు అనేక మొక్కల పుట్టుక అట్టిదేయని తరువాతి పరిశోధనలలో తేలినది. 1921లో ఆయన కోపెన్‌హేగన్‌లోని పశువైద్య, వ్యవసాయ కళాశాలలో జన్యుశాస్త్రాచార్యు డయ్యెను. దోమలను అరికట్టుటకు మన ఊళ్ళలో నీటికుంటలలో వదలెడి గప్పీ చేపలపై పరిశోధించి, మగచేప ఒంటిపై నుండు కొన్ని రంగుమచ్చలు తండ్రి నుండి కొడుకునకే సంక్రమించునని చూపెను. మొక్కయైనను, చేపయైనను, కుక్కయైనను ఆయనకు ప్రశ్న ఒక్కటియే: తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకు ఏ లెక్కన పంచబడుచున్నవి?

1933లో వింగే కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలయందలి శరీరధర్మ విభాగమునకు అధిపతి యయ్యెను. 1875లో నెలకొన్న ఈ సంస్థలోనే హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు 1883లో ఒక్క కణము నుండి పరిశుద్ధమైన ఈస్టును పెంచుట నేర్పియుండెను. అయినను ఈస్టునకు తల్లిదండ్రులెవరన్న ప్రశ్నను పట్టించుకొన్నవారు అరుదు. అది మొగ్గ తొడిగి రెండగుటయే కాని, రెండు కలిసి ఒకటగుట లేదనియే అనేకుల తలంపు.

వింగే 1935లో ఈ తలంపును తారుమారు చేసెను. ఈస్టు కణమున మామూలుగా రెండు జతల క్రోమోజోములుండును. ఆహారము కొరవడినపుడు ఆ కణమే ఒక సంచిగా మారి, లోపల నాలుగు సిద్ధబీజములను కల్పించును. ఒక్కొక్క బీజమునకు ఒక్క జత మాత్రమే దక్కును. అట్టి కణములు రెండు కలిసినపుడు మరల రెండు జతలు సమకూరును. ఇంకేమి! ఈస్టుకును పెండ్లి గలదు, వంశము గలదు.

వంశమున్నచో దానిని లెక్కింపవచ్చును. వింగే తన సహచరుడు లౌస్ట్‌సెన్‌తో కూడి, సూక్ష్మదర్శిని క్రింద సన్నని సూదితో సంచిని చీల్చి, నాలుగు బీజములను వేరుచేసి, దేనికది పెంచెను. వీరి ఫలితములు 1937లో వెలువడినవి. బఠాణీలలో మెండెల్ వందలకొలది గింజలను లెక్కింపవలసి వచ్చెను. ఇచ్చట ఒక్క విభజనలో పుట్టిన నలుగురు తోబుట్టువులును చేతికే చిక్కిరి. రెండింటికి తల్లి లక్షణము, రెండింటికి తండ్రి లక్షణము: నాలుగు బీజములలోనే మెండెల్ సూత్రము కనబడినది. 1949లో వింగే, క్యాథరిన్ రాబర్ట్స్ కలిసి మరియొక వింత కనుగొనిరి. ఒక జన్యువున్న బీజము పెరిగినపుడు దాని సంతతి తమలో తామే కలిసి రెండు జతల స్థితిని పొందుచున్నది. ఆ జన్యువునకు వారు డి అని పేరిడిరి.

ఇంతలో అమెరికాలో లిండెగ్రెన్ అను శాస్త్రజ్ఞునకు లెక్కకు కుదరని సంచులు దొరకెను. రెండు, రెండుగా ఉండవలసినవి మూడు, ఒకటిగా నున్నవి. ఒక జన్యువు తన జతలోని జన్యువును తనవలె మార్చివేయుచున్నదని ఆయన వాదించెను. వింగే ఒప్పుకొనలేదు. ఇట్టి తేడాలకు అన్య కారణములు గలవని 1954లో రాబర్ట్స్‌తో కలిసి వ్రాసెను. సూత్రమును నిలబెట్టినవాడు అపవాదమును శంకించుట సహజమే. కొన్ని సంచుల విషయమున ఆయన చెప్పినదియు సరియే. అయినను 1955లో అమెరికా పరిశోధకురాలు మేరీ మిచెల్ వేరొక శిలీంధ్రమున అట్టి మార్పునే నిరూపించెను. వింగే 1956లో పదవీ విరమణ చేసి, 1964 ఏప్రిల్ 5న కన్నుమూసెను.

ఆయన చూడని విచిత్ర మొకటి తరువాత బయటపడినది. ఆయన కనుగొన్న డి జన్యువే డి.ఎన్.ఏ.ను ఒకచోట కోసెడి ఎంజైమును పుట్టించుచున్నది. కణము ఆ గాయమును మాన్పుటకు వేరొకచోట నున్న సరిపోలు వరుసను చూచి నకలు వ్రాసికొనుచున్నది. వింగే కాదన్న మార్పు ఆయన జన్యువు నీడలోనే జరుగుచుండెను.

రోగకారకములైన ఈస్టులను శోధించువారికి ఈ రెండును అక్కరకు వచ్చినవి. క్రిప్టోకాకస్‌లో 1975లో అమెరికాలో పనిచేయుచుండిన క్వాన్-చంగ్ లైంగికదశను కనుగొనుటతో, వింగే చూపిన బీజముల బాట అచ్చట తెరచుకొనెను. కాండిడా ఆల్బికాన్స్‌లో నాలుగు బీజముల సంచి కానరాలేదు. పైగా ప్రతి జన్యువునకును రెండేసి ప్రతులు. అందుచే శాస్త్రజ్ఞులు గాయము మాన్పుకొను గుణమునే ఆశ్రయించిరి. సరిపోలు అంచులు గల డి.ఎన్.ఏ. ముక్కను లోపలికి పంపినచో, కణము తన జన్యువునకు బదులు దానిని స్వీకరించును. ఫాంజీ, ఇర్విన్ అనువారు 1993లో ఒకదాని వెంట ఒకటిగా రెండు ప్రతులను తొలగించు పద్ధతిని చూపిరి. 2015 నాటికి క్రిస్పర్ అను కత్తెరతో రెండును ఒక్కసారిగా మార్చుట సాధ్యమైనది. జన్యువు పోయిన కాండిడా ఎలుకలలో రోగము కలిగింపలేకపోయినచో, మందునకు గురి ఎచ్చట పెట్టవలెనో ఊహింపవచ్చును.

సూది మొనతో నాలుగు బీజములను వరుసగా పేర్చి ఓపికగా లెక్కించుట వింగే మనకు నేర్పిన పాఠము. లెక్క కుదరని సంచిని ప్రక్కకు నెట్టక మరల చూడవలెననుట ఆయన పొరపాటు నేర్పిన పాఠము. విద్యార్థికి రెండును కావలెను.